అద్దాల్లేని బస్సు

మన తెలుగు సంఘం వేసే ఈ సావనీర్‌కి ఏదైనా ప్రయాణం గురించి రాసిమ్మని ఎడిటర్ గారు అడిగినప్పుడు ఆయన మనసులో గ్రాండ్ కాన్యనో, నయాగరానో ఉండి ఉంటుంది. నేను వెళ్ళింది జార్జియాలోని డులూత్ అనే ఊరికి. చూడ్డానికి అక్కడ పెద్దగా ఏమీ లేవని అక్కడివాళ్ళే నాతో చెప్పారు. రానూపోనూ పదిహేను వందల మైళ్ళు, ఐదు రోజులు. ఎందుకు వెళ్ళానో తెలిస్తే మీలో చాలామందికి నామీదున్న గౌరవం పోతుంది. పోవాలనే రాస్తున్నాను.

పోయిన ఉగాదికి మన పిల్లలు పద్నాలుగు మంది స్కూల్ ఆడిటోరియంలో పాడిన పాట మీకు గుర్తుండే ఉంటుంది. "ఎక్కడున్నా ఆవకాయ మరువము, ఎన్నటికీ అఆలు విడువము" అని మొదలవుతుంది. రచన, సంగీతం రెండూ నావేనని ప్రోగ్రాం షీట్‌లో వేశారు. నాకు శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు. మీరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సంగీతం నాది కాదు. అది ఒక కొరియా పాట.

బెంటన్‌విల్

జియున్ అనే కొరియా ఆవిడ ఆఫీసులో నా పక్క క్యూబ్‌లో మూడేళ్ళు పనిచేసింది. మన ఊళ్ళో కాంట్రాక్టర్లందరిలాగే నేనొక వెండర్ కంపెనీ తరఫున, ఆమె ఇంకో కంపెనీ తరఫున. నేను రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. మధ్యాహ్నం ఇద్దరం డబ్బా మూతలు తీసేసరికి, నా గోంగూరకీ ఆమె కిమ్చీకీ జడిసి, బ్రేక్‌రూమ్‌లో మా టేబుల్ దగ్గరికి ఇంకెవరూ వచ్చేవారు కాదు. నా ఆవకాయ ఆమెకి నచ్చింది. వాళ్ళ భాషలో కూడా అమ్మని ఇంచుమించు అమ్మ అనే పిలుస్తారని మొదట చెప్పింది ఆమే.

ఒకసారి టొర్నాడో సైరన్ మోగితే ఆఫీసంతా వెళ్ళి కింది అంతస్తు మెట్ల దగ్గర గంటసేపు కూర్చున్నాం. అప్పుడు జియున్ తన ఇయర్‌ఫోన్ ఒకటి నాకిచ్చింది. తొంభైల చివర, ఆ దేశంలో ఆడపిల్లల బృందాలు అప్పుడప్పుడే పైకి వస్తున్న రోజుల్లో, నలుగురమ్మాయిలు పాడిన పాట అది. డప్పుల మోత లేదు, గెంతులు లేవు. ఒకమ్మాయి మొదలుపెడితే ఇంకొకమ్మాయి అందుకుంటుంది. చివర్లో నలుగురూ కలుస్తారు, కలిసిన చోట గొంతులు ఇంకా తగ్గుతాయి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అయిపోగానే మళ్ళీ పెట్టమన్నాను.

ఆ పాట తను మొదట విన్నది బస్సులోనని జియున్ చెప్పింది. వాన పడుతోంది. తనూ వాళ్ళక్కా కాలేజీ నుంచి ఇంటికి వెళ్తున్నారు. డ్రైవర్ రేడియోలో పాట వస్తోంది. కిటికీ అద్దం మీద ఆవిరి పట్టి ఉంటే, అక్క వేలితో పాట మాటలు ఒక్కొక్కటీ రాస్తూ పోయింది. కొత్త మాట రాసేసరికి ముందు రాసింది నీరై కారిపోయేది. ఆ తర్వాత రెండేళ్ళకి అక్క జబ్బు చేసి పోయింది. ఈ సంగతి అమెరికాలో ఎవరికీ చెప్పలేదంది. సైరన్ ఆగింది, మేం పైకి వెళ్ళి పని చేసుకున్నాం.

జార్జియాలో భర్తకి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ, ఆ పాట ఒక్కటే కాపీ చేసిన సీడీ నాకు రెండు చేతులతో ఇచ్చింది. ఏదిచ్చినా, తీసుకున్నా వాళ్ళకి రెండు చేతులూ కావాలి. నేను కుడిచేత్తో తీసుకున్నాను.

ఆ ట్యూన్‌కే నేను ఆవకాయ పెట్టాను. వేగం పెంచి, కీబోర్డులో తబలా వేసి, పిల్లల చేతికి జెండాలిచ్చాను. అంతవరకైతే మనవాళ్ళలో చాలామంది చేసే పనే అని సర్దుకునేవాణ్ణేమో. కానీ స్టేజీ మీద యాంకరమ్మాయి మైకు నా ముందు పెట్టి, ఇంత చక్కటి ట్యూన్ ఎలా తట్టింది సార్ అని ఇంగ్లీషులో అడిగింది. నేనూ ఇంగ్లీషులోనే అందుకున్నాను. వాన, కాలేజీ బస్సు, కిటికీ అద్దం మీద ఆవిరి, వేలితో రాసిన మాటలు. అన్నీ చెప్పాను. అక్కని మాత్రం తీసేశాను. బస్సులో నేనొక్కణ్ణే ఉన్నాను.

ఆ రోజు ఇంటికి వస్తుంటే కారులో మా ఆవిడ అడిగింది. "మీరు తెనాలి నుంచి గుంటూరుకి ప్యాసింజర్ రైల్లో కదండీ వెళ్ళేవారు. బస్సెప్పుడెక్కారు?" నేను ఏసీ పెంచాను.

వారం తర్వాత జియున్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. పాత ఆఫీసువాళ్ళెవరో వీడియో లింకు పంపారట. మూడే వాక్యాలు రాసింది. "వీడియో చూశాను. పిల్లలు చాలా బాగా పాడారు. మీ పట్టుపంచె బాగుంది." మూడేళ్ళలో నా తప్పుల మీద ఆమె వందల టికెట్లు, అంటే కంప్యూటర్‌లో నమోదు చేసే ఫిర్యాదులు, తెరిచింది, ఒక్క తప్పూ వదిలిపెట్టలేదు. ఈ ఒక్కదానికి టికెట్ తెరవలేదు. ఆ ఈమెయిల్‌కి ఐదు నెలలు జవాబు రాయలేకపోయాను. చివరికి మా ఆవిడకి అంతా చెప్పేస్తే, ఇది ఫోన్‌లో చెప్పేది కాదు, వెళ్ళి రండి అంది. లేబర్ డే సెలవు కలిసొచ్చింది. వస్తున్నానని రాస్తే, ఆదివారం చర్చి అయ్యాక కలుద్దామని జవాబొచ్చింది.

సొరంగం దాటాక

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాను. వెనక సీటులో మడతపెట్టిన శాలువా. అది ఆమెకిచ్చేస్తే నా బరువు దిగుతుందని ఏదో లెక్క. ఫోర్ట్ స్మిత్ వైపు కొండల్లో ఒక సొరంగం ఉంది కదా, అది దాటగానే సీడీ పెట్టాను. పాట అయిపోయింది. తీద్దామని బటన్ నొక్కితే బయటికి రాలేదు. లోపల కిర్రుమని, మళ్ళీ మొదట్నుంచి పాడింది.

అప్పట్నుంచి ఐదు రోజులూ అదే తంతు. రేడియో పెట్టబోతే దానికీ దారివ్వలేదు. సౌండ్ తగ్గించుకోవచ్చు అంతే. ఇంజన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ సౌండ్ దానంతటదే మామూలు స్థాయికి వచ్చి, ఆ నలుగురమ్మాయిలూ మొదలుపెట్టేవారు. కార్ డీలర్‌కి ఫోన్ చేస్తే ప్లేయర్ మొత్తం ఊడదీయాలి, మూడు వందల డాలర్లవుతుంది అన్నాడు. వద్దన్నాను. ఇది నాకు తగిందే అనిపించింది.

లిటిల్ రాక్ దాటాక నేల ఒక్కసారి చదునైపోతుంది. అటూ ఇటూ కోతకి వచ్చిన వరి. అర్కాన్సాలో ఇంత వరి పండుతుందని మనవాళ్ళకి చెప్పినా నమ్మరు. గట్ల మీద మనుషులు లేరు, పైన పొలాలకి మందు చల్లే విమానం ఒకటి తిరుగుతోంది. బ్రింక్లీ దగ్గర ఒక చిన్న హోటల్లో భోజనానికి ఆగాను. క్యాట్‌ఫిష్ వేపుడు, పక్కన మొక్కజొన్న పిండి బోండాలు, పచ్చి టమాటా పచ్చడి, అన్నీ కలిపి తొమ్మిది డాలర్లు. ఆ బోండాల్లో ఉల్లిపాయ వేస్తారు, ఒక పచ్చిమిరపకాయ కూడా తగిలించి ఉంటే మన బజార్లో నిలబడి తినొచ్చు. వడ్డించే పెద్దావిడ టేబుళ్ళు తుడుస్తూ ఏదో పాట లోపల్లోపల పాడుకుంటోంది. బిల్లిచ్చేటప్పుడు పాట బాగుందన్నాను.

"నాది కాదు హనీ, రేడియోలోది" అందావిడ. "నేను దాన్ని పాడుచేస్తాను, అంతే."

ఎవరూ అడక్కుండానే చెప్పింది. నేను రెండు డాలర్లు టిప్ ఎక్కువ పెట్టి బయటపడ్డాను.

మెంఫిస్

మెంఫిస్‌లో నా పాత ప్రాజెక్టు స్నేహితుడు వెంకట్ ఉన్నాడు. గుంటూరు వాడు. అతని భార్య పద్మజది వరంగల్. మేడమీద బోనస్ రూమ్ అనే పెద్ద గదిలో పద్మజ వారానికి రెండుసార్లు పిల్లలకి తెలుగు, పాటలు నేర్పుతుంది. డబ్బు తీసుకోదు. నేను దిగేసరికి మధ్యాహ్నం మూడైంది. కంచంలో పప్పు, దొండకాయ వేపుడు, సర్వపిండి. తిన్నాక పైకి రమ్మన్నారు. పన్నెండు మంది పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. పద్మజ కీబోర్డు దగ్గర కూర్చుంది.

"ఎక్కడున్నా ఆవకాయ మరువము" అని మొదలుపెట్టారు.

వినాయక చవితికి మెంఫిస్‌లో పాడటానికట. యూట్యూబ్‌లో చూసి నేర్పిందట. నాకు చెప్పకుండా ఉంచి సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నారు. చెయ్యాల్సినంత చేశారు.

పద్మజ దగ్గర గీతల నోట్‌బుక్ ఒకటి ఉంది. ప్రతి పాటకీ పైన రచన, సంగీతం, రాగం అని మూడు గడులు. రెండింట్లో నా పేరు నిండుగా రాసి ఉంది. మూడోది ఖాళీ.

"అన్నా, ఇది ఏ రాగంల కట్టిన్రు మీరు? నాకు ఎంత వెతికినా దొరుకుతలేదు. పట్టుకుందామంటే జారిపోతది."

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. పిల్లలందరూ నావైపే చూస్తున్నారు. "మోహన ఛాయలున్నాయమ్మా" అన్నాను. పద్మజ తలాడించి, మూడో గడిలో మోహన అని రాసుకుంది.

అది చాలదన్నట్టు, ఆ బస్సు సంగతి పిల్లలకి మీ నోటితోనే చెప్పండి అని అడిగారు. చెప్పాను. ఈసారి తెలుగులో చెప్పాను కాబట్టి కండక్టర్ కూడా వచ్చి చేరాడు. ముందు వరసలో ఉన్న పాప చెయ్యెత్తింది. "అంకుల్, నువ్వు విండో మీద ఏం రాశావ్?"

"అఆలు రాశానమ్మా."

"సీ, వానలో కూడా తెలుగు మర్చిపోలేదు అంకుల్" అని పద్మజ పిల్లలకి చూపించింది.

గోడకి ఆనుకుని వింటున్న వెంకట్‌కి మాత్రం ఏదో కుదరలేదు. "గురూ, ఆ రోజుల్లో మన బస్సులకి అద్దాలెక్కడివి? వానొస్తే టార్పాలిన్ పట్టాలు దింపేవాళ్ళు కదా. మనం తడిసి ముద్దయ్యేవాళ్ళం."

"అది లగ్జరీ బస్సులే" అన్నాను.

"తెనాలి-గుంటూరు మధ్య లగ్జరీయా?" అని నవ్వి వదిలేశాడు. నన్ను అనుమానించడం అతనికి రాదు. అబద్ధం ఒకటి చెప్పి ఊరుకోలేదు నేను. దానికి టికెట్ కొట్టడానికి కండక్టర్‌ని పెట్టాను, అద్దాలు బిగించాను, చివరికి బస్సునే మార్చాను.

మర్నాడు వెంకట్ నా కారు కాస్త పక్కకి తీస్తానని తాళాలడిగాడు. తాళం తిప్పితే ఏం మొదలవుతుందో నాకు తెలుసు. నేనే తీస్తానని పరిగెత్తాను. అద్దాలన్నీ పైకెక్కించుకుని, దొంగసొత్తు తరలించేవాడిలా వాళ్ళ వీధి దాటాను. పద్మజ కట్టిచ్చిన పులిహోర పక్క సీటులో ఉంది. మధ్యాహ్నం దాకా దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు.

టుపెలో మీదుగా

మెంఫిస్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా దారిలో పైన్ చెట్లు తప్ప ఏమీ లేవు. టుపెలో దగ్గర పెట్రోలు పోసుకుంటుంటే పక్క పంపు దగ్గర పికప్ ట్రక్కులో ఉన్న ముసలాయన అద్దం దించాడు. నేను ఇంజన్ స్టార్ట్ చేయగానే పాట మొదలైంది. నేను కదలబోతే చెయ్యెత్తి ఆపి, మొత్తం విన్నాడు.

"మీ దేశం పాటా?"

"కాదు. కొరియా."

"నేను సైన్యంలో ఉన్నప్పుడు అక్కడ పదహారు నెలలున్నాను. చలి తప్ప ఏదీ గుర్తులేదు" అన్నాడు. ట్రక్కు స్టార్ట్ చేస్తూ, "ఎవరో పోయినట్టున్నారు ఆ పాటలో" అన్నాడు.

భాష రానివాడికి పెట్రోలు పంపు దగ్గర నాలుగు నిమిషాల్లో తెలిసింది. మూడేళ్ళు పక్కన కూర్చుని, దాని మీద పాట రాసిన నేను, ఆ మాటలకి అర్థం ఏమిటని జియున్‌ని ఒక్కసారి కూడా అడగలేదు. అది అప్పుడే నాకు తట్టింది. కండక్టర్‌ని తెచ్చిన సిగ్గు కంటే ఇది పెద్దది.

అక్కడ్నుంచి అట్లాంటా దాకా ఏం చెప్పాలో బట్టీ పడుతూ డ్రైవ్ చేశాను. ఇంగ్లీషులో మొదలుపెడితే ఆఫీసు ఈమెయిల్‌లా వస్తోంది. తెలుగులో అనుకుంటే ఏడుపొస్తోంది. అలబామా దాటి జార్జియాలోకి రాగానే గడియారం ఒక గంట ముందుకి దూకింది. ఆ గంట కూడా తగ్గిపోయిందే అనిపించింది. డులూత్‌లో గుజరాతీ వాళ్ళ మోటెల్‌లో యాభై రెండు డాలర్లకి గది దొరికింది. రిజిస్టర్‌లో వచ్చిన పని అన్న చోట బిజినెస్ అని రాశాను. మోటెల్ ఆయన శాలువా చూసి, పెళ్ళికా అనడిగాడు.

డులూత్

ఆ వీధిలో బోర్డులన్నీ కొరియా భాషలోనే. బ్యాంకు, పళ్ళ డాక్టరు, ట్యూషన్ సెంటర్, అన్నీ. మనవాళ్ళు హెర్న్‌డన్, మోరిస్‌విల్ లాంటి ఊళ్ళలో ఇంత మంది ఉన్నా బోర్డుల్లో మన లిపి కనపడదు, మనం స్వాగతాలు కూడా ఇంగ్లీషులోనే రాసుకుంటాం. ఆవకాయ పాట రాసినవాడిగా ఆ బోర్డుల కింద నడవడానికి కూడా మొహం చెల్లలేదు.

పెద్ద కిరాణా కొట్టు పక్కన బేకరీలో కలుద్దామంది జియున్. అక్కడ పళ్ళెం, పట్టుకారు మనమే తీసుకుని బన్నులు ఏరుకోవాలి. నేను ఉత్త చేత్తో ఒకటి తీసుకోబోతే కౌంటర్ వెనకున్న అమ్మాయి గాభరాగా పరిగెత్తుకొచ్చింది. బన్ను లోపల ఎర్రటి గింజల ముద్ద, మన పూర్ణానికి బెల్లం తగ్గిస్తే ఎలా ఉంటుందో అలా. ఒకటి డాలర్ డెబ్భై ఐదు.

జియున్ చర్చి బట్టల్లోనే వచ్చింది. కాస్త చిక్కింది. నన్ను చూసి తల వంచి నమస్కరించి, మొదట మా ఆవిడ ఎలా ఉందని అడిగింది. మేం మాట్లాడుకునేది ఆఫీసు ఇంగ్లీషే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

బట్టీ పట్టింది మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాను. పాట మీరిచ్చింది, నాదని చెప్పుకున్నాను, మన్నించండి అని. ఆమె బన్నుని చాకుతో రెండు ముక్కలు చేసి ఒకటి నావైపు జరిపింది.

"పాటకి నాకెందుకు క్షమాపణ? నేను రాయలేదు. రేడియోలో వచ్చింది, ఊరంతా పాడుకుంది. మీరూ పాడుకున్నారు" అంది. "రాసినవాళ్ళ పేర్లు ఉన్నాయి. అవి చెప్పాలి. అది వేరే సంగతి."

నేను తలూపాను.

"కానీ ఆ బస్సు మాది" అంది జియున్. "నాదీ మా అక్కదీ. ఇంకెవరికీ తెలీదు. అక్క పోయాక అందులో నేనొక్కదాన్నే మిగిలాను. వీడియోలో మీరు మాట్లాడుతుంటే చూశాను. మా అక్క సీటులో మీరు కూర్చున్నారు."

గట్టిగా అనలేదు. నా ప్రోగ్రాంలో ఏ లైనులో తప్పుందో చూపించేటప్పుడు కూడా ఇలాగే చెప్పేది. నలభై ఏళ్ళ వయసులో బేకరీలో కూర్చుని ఏడ్చాను. ఆమె కాగితం రుమాళ్ళు నాలుగు తెచ్చి ముందు పెట్టింది, ఓదార్చలేదు.

తర్వాత ఆ ట్యూన్‌కి నేను పెట్టిన మాటలకి అర్థం ఏమిటని అడిగింది. తప్పేది కాదు. ఒక్కో లైనూ ఇంగ్లీషులో చెప్పాను. మేం ఎక్కడున్నా పచ్చడి మర్చిపోం. ఎప్పటికీ అక్షరాలు వదిలిపెట్టం.

"పచ్చడా? మనం తినేదా?"

"అదే."

చేత్తో నోరు మూసుకుని చాలాసేపు నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. అప్పుడు నేను అడగాల్సింది అడిగాను, మూడేళ్ళ ఆలస్యంగా. అసలు పాటలో ఏముందని. ఒకమ్మాయి దూరమైనవాళ్ళతో చెప్పుకుంటోందట. వేళకి తింటున్నాను, జుట్టు కత్తిరించుకున్నాను, నువ్వు ఎదురుపడితే గుర్తుపడతావో లేదో అని. అంతేనంది. దాన్నే నేను తబలా పెట్టి జెండాలూపించాను.

శాలువా తీసి ఆమెకివ్వబోయాను. ఏమిటని అడిగింది. పాటకి నాకిచ్చిన గౌరవం, మీకే చెందాలి అన్నాను. రెండు చేతులతో అందుకుంది, జరీ అంచు వేలితో తడిమి చూసింది, మళ్ళీ రెండు చేతులతో నాకే ఇచ్చేసింది.

"నాకెందుకిది? మీరు ఎక్కడెక్కడ ఆ బస్సు కథ చెప్పారో అక్కడికి వెళ్ళి చెప్పండి, చెప్పి దిగిపోండి. మా అక్క సీటు ఖాళీ చెయ్యండి, చాలు."

బిల్లు వెనక పాట పేరు, రాసినవాళ్ళ పేర్లు, పాడిన బృందం పేరు వాళ్ళ లిపిలోనూ, కింద ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసింది. ఆ కాగితాన్ని ఈసారి నేను రెండు చేతులతో తీసుకున్నాను. మన్నించానని ఆమె అనలేదు. అనమని అడగడానికి నాకు ముఖం లేదు.

మళ్ళీ మెంఫిస్

సోమవారం నేను చేరేసరికి పద్మజ వాకిట్లో మొక్కలకి నీళ్ళు పెడుతోంది. పిల్లలు నాలుగున్నరకి రిహార్సల్‌కి వస్తారంది. ఇంట్లోకి వెళ్తే మళ్ళీ సర్వపిండి పెడతారు, తిన్నాక నోరు రాదు. నోట్‌బుక్ తీసుకుని ఒక్కసారి కారులో కూర్చోమన్నాను. వెంకట్ కూడా వచ్చి వెనక ఎక్కాడు. తాళం తిప్పాను.

ఆ నలుగురమ్మాయిలూ పాడారు. మొదటి లైనుకే పద్మజ నావైపు తిరిగింది. తర్వాత కిటికీ వైపు చూస్తూ చివరిదాకా విన్నది. అయిపోయి మళ్ళీ మొదలైతే సౌండ్ తగ్గించి, అంతా చెప్పాను. జియున్ గురించి, సైరన్ గురించి, అక్క గురించి. ఇక్కడ ఎక్కువసేపు రాయను, మీరు పైన చదివిందే.

"మోహన కాదన్నమాట" అంది పద్మజ.

"కాదమ్మా. ఏ రాగమో నాకు తెలీదు."

"తెలీదనొచ్చు కదా అన్నా. నాకూ తెలువదు. ఇద్దరం కలిసి వెతికేటోళ్ళం." గొంతులో కోపం ఉంది. "పిల్లలకి ఆ బస్సు కథ ప్రతి క్లాసుల నేనే చెప్పిన. ఇగ ఏమని చెప్పాలె?"

వెనకనుంచి వెంకట్ మెల్లగా అడిగాడు. "అసలు నువ్వెక్కిన బస్సుకి అద్దాలున్నాయా గురూ?"

"నేను బస్సే ఎక్కలేదు. ప్యాసింజర్ రైలు. కిటికీకి ఊచలు."

ఎవరూ నవ్వలేదు. నాలుగున్నరకి పిల్లలొచ్చారు. పద్మజ వాళ్ళని పైకి పంపకుండా కారు చుట్టూ గడ్డిలో కూర్చోబెట్టింది. తలుపులన్నీ తెరిచి పాట వినిపించాను. నేను చెప్పింది అబద్ధమని, ఆ బస్సులో నేను లేనని, ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉన్నారని చెప్పాను. పెద్దవాళ్ళ ముందు చెప్పడం కంటే ఇది చాలా కష్టం, వాళ్ళు కళ్ళు తిప్పుకోరు. ఆ రోజు చెయ్యెత్తిన పాపే మళ్ళీ ఎత్తింది.

"దెన్, అఆలు ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదమ్మా. ఆ అక్క రాసింది ఈ పాటే."

పాప నేలవైపు చూస్తూ, "దట్స్ నాట్ నైస్, అంకుల్" అంది. మంచి పని కాదమ్మా అన్నాను.

తర్వాత పద్మజ నోట్‌బుక్, పెన్ను నా చేతికిచ్చి, మీరే కొట్టేయండి అంది. మోహన కొట్టేశాను. సంగీతం అన్న గడిలో నా పేరు కొట్టేసి, జియున్ ఇచ్చిన కాగితం చూసి పేర్లు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని తెలుగులో రాశాను. పిల్లలు చుట్టూ చేరి చూస్తున్నారు. మిగిలింది మొదటి గడి. రచన, అక్కడా నా పేరే. కింద ఆవకాయ, అఆలు, పన్నెండు లైన్లు. జియున్ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వడం గుర్తొచ్చింది. దాన్నీ కొట్టేద్దామని పెన్ను ఆనించాను.

పద్మజ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది ఉంచున్రి అన్నా. అదొక్కటి మీదే."